ట్యూబులైటు పొడిలో ఎర్ర వెలుగు: మా ప్రాజెక్టు డైరీ

జూలై 5, 2025

ఈ రోజు ల్యాబులోకి ఒక కిలో తెల్ల పొడి వచ్చింది. చూడటానికి మైదాపిండిలా ఉంది. పాత ట్యూబులైట్ల గాజు లోపలివైపు పూసి ఉండే ఫాస్ఫర్ పొడి ఇది. చెన్నై బయట ఉన్న, అనుమతి పొందిన ఒక రీసైక్లింగ్ యూనిట్ వాళ్లు ఇచ్చారు. అక్కడ ట్యూబులను మూసిన డ్రమ్ములో నలగ్గొట్టి, లోపలి గాలిని యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు గుండా లాగుతారు. తర్వాత పొడిని వేడిచేసి, పాదరసాన్ని ఆవిరిగా బయటికి తెచ్చి పట్టుకుంటారు. పాదరసం తీసేసిన పొడి మాత్రమే మా ల్యాబు గడప దాటాలని మొదటి రోజే షరతు పెట్టుకున్నాను. ఇది చదివి ఇంట్లో ట్యూబు పగలగొట్టి చూద్దామని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి ఆ పని చేయకండి.

నేను చెన్నై పడమటి శివారులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ పొడిలోంచి రేర్ ఎర్త్‌లు అనే లోహ మూలకాలను తిరిగి తీయడమే మా ప్రాజెక్టు. ఇందులో నాతో ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. అబ్బాయి తిరుత్తణి నుంచి రోజూ లోకల్ రైల్లో వస్తాడు. అమ్మాయిది గుమ్మిడిపూండి, హాస్టల్లో ఉంటుంది. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే, బడిలో చదివింది తమిళం. మా ల్యాబులో మాటలు రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాయి.

ఈ పొడి మీదే ఎందుకు పడ్డామో ముందు రాసుకుంటాను. ట్యూబులో కరెంటు పారినప్పుడు పాదరసం ఆవిరి నుంచి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వస్తుంది. అది కంటికి కనపడదు. దాన్ని కనపడే వెలుగుగా మార్చేది ఈ పూతే. మంచి రకం ట్యూబుల్లో మూడు పొడులు కలిపి పూస్తారు. ఎరుపు రంగిచ్చేది యూరోపియం కలిపిన యిట్రియం ఆక్సైడ్. ఆకుపచ్చకు ఎక్కువగా సీరియం, టెర్బియం కలిపిన లాంథనం ఫాస్ఫేట్ వాడతారు. నీలానికి యూరోపియం కలిపిన బేరియం మెగ్నీషియం అల్యూమినేట్. మూడూ కలిసి మన కంటికి తెలుపు.

యిట్రియం, యూరోపియం, టెర్బియం, సీరియం, లాంథనం, ఇవన్నీ రేర్ ఎర్త్‌లే. ఆ పేరు అనగానే మనవాళ్లు సముద్రపు ఇసుక అంటారు. నిజమే, ఆ ఇసుకలో రేర్ ఎర్త్‌లు ఉండే ఖనిజం మోనజైట్, దేశంలో దాని నిల్వలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. తమిళనాడులో మనవాళకురిచ్చి దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఏళ్ల తరబడి ఆ ఇసుకను వేరుచేస్తోంది. కానీ మన మోనజైట్‌లో దొరికేవి ముఖ్యంగా సీరియం, లాంథనం, నియోడిమియం. యిట్రియం, యూరోపియం, టెర్బియం అందులో చాలా తక్కువ. ఇసుకలో మనకు కరువైన ఆ మూడూ ట్యూబులైటు పూతలో ఉన్నాయి. మొన్న ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టిన ఏడు రేర్ ఎర్త్‌లలో యిట్రియం, టెర్బియం రెండూ ఉన్నాయి. అవే మూలకాలను మనం చెత్తబండిలో వేస్తున్నాం. నన్ను ఈ పనికి పూనుకునేలా చేసింది ఆ బాధే.

జూలై 12

పొడిని సన్న జల్లెడలో పోశాం. పెద్ద గాజు పెంకులు, అల్యూమినియం మూతుల తునకలు పైన ఆగాయి. గాజు నూక మాత్రం కొంత కిందికి దిగింది, దాన్ని ఆపలేం.

అబ్బాయి వాళ్ల మావయ్య కొట్లో దొంగనోట్లు పట్టుకునే చిన్న లైటు తెచ్చి పొడి మీద వేశాడు. కొంచెం నీలంగా మెరిసింది, అంతే. ఎరుపు లేదు. "మేడం, ఇందులో యూరోపియం లేదేమో" అని దిగాలుపడ్డాడు. ఆ లైటు తరంగదైర్ఘ్యం 365 నానోమీటర్లు. ఎర్ర ఫాస్ఫర్‌కు అది చాలదు, 254 కావాలి. సేంద్రియ రసాయన ల్యాబులో టీఎల్‌సీ పలకలు (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే పలకలు) చూసే యూవీ పెట్టె, అంటే అతినీలలోహిత దీపాల పెట్టె ఉంది, అందులో రెండు రకాల దీపాలూ ఉన్నాయి. 254 బటన్ నొక్కగానే పొడి మొత్తం వెన్నెల్లా వెలిగింది. ముగ్గురం చాలాసేపు దాని ముందే నిలబడ్డాం. 254 కాంతి కంటికి, చర్మానికి హాని చేస్తుంది కాబట్టి పెట్టె కిటికీ గాజులోంచే చూడాలి, తలుపు తీసి చెయ్యి పెట్టకూడదు. ఈ మాట ఆ పెట్టె మీదే కాగితం రాసి అంటించాం.

జూలై 26

మొదటి ప్రయత్నం చెడిపోయింది.

చవకగా దొరుకుతుందని సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడాం. 50 గ్రాముల పొడి, పలచని ఆమ్లం, 70 డిగ్రీలు, రెండు గంటలు. వడపోతకు పెట్టాక చుక్క దిగితే ఒట్టు. రాత్రి ఏడు దాకా చూసి ఇళ్లకు వెళ్లిపోయాం. పొద్దున వచ్చి చూస్తే ఫిల్టరు కాగితం మీద సన్న సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాల మందపాటి పొర. జిప్సం. అంటే పొడిలో కాల్షియం బాగా ఉందన్నమాట. అది సల్ఫేట్‌తో కలిసి గడ్డకట్టి, దారి మూసేసింది.

ఆగస్టు 9

ఈసారి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వడపోత హాయిగా జరిగింది. ద్రావణానికి అమోనియా కలిపి పీహెచ్ (ఆమ్లత్వం కొలత, ఆమ్లత్వం తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) 3 దాకా తెచ్చాం, ఆక్సాలిక్ ఆమ్లం పోశాం. రేర్ ఎర్త్ ఆక్సలేట్లు నీళ్లలో కరగవు, బలహీనమైన ఆమ్లంలోనూ కరగవు. అందుకే వాటిని పట్టుకోవడానికి ఈ పద్ధతి వాడతారు. పోసిన వెంటనే పాలు విరిగినట్టు తెల్లటి అవక్షేపం దిగింది. ఆరబెట్టి తూచాం, 24 గ్రాములు. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. 900 డిగ్రీల దగ్గర మఫిల్ ఫర్నేసులో కాల్చాం. 9 గ్రాములు మిగిలింది.

యూవీ పెట్టెలో పెట్టాం. పాలిపోయిన గులాబీ రంగు, అదీ అక్కడక్కడా. ఎక్కడో తేడా కొట్టింది. చిటికెడు పొడి మీద రెండు చుక్కలు నీళ్లు వేస్తే వేడెక్కింది. క్షారాన్ని పట్టిచ్చే ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ముదురు గులాబీ రంగుకు తిరిగింది. మేం రెండు వారాలు కష్టపడి తీసింది సున్నం.

పీహెచ్ అంత పైకి తేవడం తప్పు, అక్కడ కాల్షియం ఆక్సలేట్ కూడా దిగిపోతుంది. ఆ తప్పు నాది, పిల్లలది కాదు. కానీ అసలు ప్రశ్న వేరే. ఇంత కాల్షియం ఎక్కడిది? గాజులో ఉన్న కాల్షియం ఆమ్లానికి ఇంత తేలిగ్గా లొంగదు.

ఆగస్టు 24

జవాబు ఇంట్లోనే ఉంది.

మా నాన్న ఎలక్ట్రీషియన్. నాయుడుపేట నుంచి మద్రాసు వచ్చి ముప్పై ఏళ్లకు పైగా గిండీ, అంబత్తూరు వైపు ఆఫీసులకు, టీ నగర్ షాపులకు వైరింగు పనులు, ట్యూబులు మార్చే కాంట్రాక్టులు చేశాడు. ఇప్పుడు పెరంబూరులో మాతోనే ఉంటున్నాడు. రాత్రి అన్నం తింటూ సున్నం సంగతి చెప్పాను. కాసేపు విని, "ఏ ట్యూబుల పొడి తెచ్చారమ్మా?" అని అడిగాడు.

అన్నీ కలిపిన పొడి నాన్నా అన్నాను.

"అన్నీ కలిపితే ఎట్లా? 54 వేరు, 865 వేరు. టీ నగర్ బట్టల షాపుల వాళ్లు 54 పెడితే ఒప్పుకునేవాళ్లా? చీర రంగు పాలిపోయి కనబడుతోందని గొడవ చేసేవాళ్లు. 865 పెడితే ఎరుపు ఎరుపుగా, పట్టు పట్టుగా కనబడేది. రేటు ఎక్కువైనా అదే అడిగేవాళ్లు. ఆఫీసుల స్టోర్ రూములకు, మెట్ల దగ్గరకు 54 చాలు."

నేను అన్నం కలుపుతూ ఆగిపోయాను. ట్యూబు చివర, మూతి దగ్గర ఉండే ఆ అంకె నేను పాఠాల్లో చెప్పేదే. 865లో 8 అంటే రంగులు సరిగ్గా చూపే గుణం ఎనభైల్లో ఉందని, 65 అంటే 6500 కెల్విన్ల తెలుపని. మూడు ఫాస్ఫర్ల పూత ఉంటేనే ఆ 8 వస్తుంది. 54, 765 అని ఉన్నవి పాత రకం హాలోఫాస్ఫేట్ పూతవి. అంటే ఆంటిమొని, మాంగనీసు కలిపిన కాల్షియం ఫాస్ఫేటు, మన ఎముకల్లో ఉండే ఖనిజానికి దగ్గరి బంధువు. అందులో రేర్ ఎర్త్‌లు లేవు. మా కిలో పొడిలో ఎక్కువ భాగం అదే అయి ఉంటుంది. ఇంత తెలిసినదాన్ని, పొడి డబ్బా తీసుకునేటప్పుడు ఆ ప్రశ్న అడగలేదు. చీర రంగు చూసిన మనిషికి అది మొదటే తట్టింది.

సన్న ట్యూబైతే మంచిదే కదా అని అడిగాను. దానికీ సరిచేశాడు. 38 మిల్లీమీటర్ల లావు ట్యూబులు దాదాపు అన్నీ పాత పూతవే, 16 మిల్లీమీటర్ల సన్నవి దాదాపు అన్నీ మూడు పొడులవి. మధ్యలో ఉన్న 26 మిల్లీమీటర్ల 36 వాట్ల ట్యూబులోనే చిక్కు, అది రెండు రకాల్లోనూ వచ్చింది. కాబట్టి లావు చూసి చెప్పలేం, అంకె చదవాల్సిందే.

ఇంకో మాట కూడా అన్నాడు. "అప్పట్లో తీసిన ట్యూబులు కార్పొరేషన్ తొట్టిలో వేసి కర్రతో పగలగొట్టేవాళ్లం అమ్మా, జాగా కలిసొస్తుందని. చేతులనిండా తెల్ల పొడి. లోపల పాదరసం ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు." ఆ మాట విన్న తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 28

ఆయుధ పూజ అక్టోబరు 1న. చెన్నైలో ఏ ఆఫీసైనా, వర్క్‌షాపైనా ఈ వారంలోనే స్టోర్ రూము దులుపుతారు. ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు పీకి మూలన నిలబెట్టిన ట్యూబులు అప్పుడే బయటికి వస్తాయి. నాన్న తన పాత స్నేహితులు ఇద్దరితో కలిసి పది రోజులు తిరిగాడు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో పాదరసం ఉన్న దీపాలు కూడా ఉన్నాయని రాసిన కాగితం ఒకటి నేను తయారుచేసి ఇచ్చాను. దానికంటే నాన్న ముఖపరిచయమే ఎక్కువ పనిచేసింది.

మొత్తం 212 ట్యూబులు. ఒక్కటీ పగలలేదు, పాత అట్ట గొట్టాల్లో పెట్టి తెచ్చారు. 840, 865 రకాలు కలిపి 131. 54, 765 కలిపి 64. అంకె చెరిగిపోయినవి 17. రీసైక్లింగ్ యూనిట్ వాళ్లను బతిమాలి, యంత్రం శుభ్రం చేయించి, 131 ట్యూబులను విడిగా ఒక బ్యాచ్‌గా నలగ్గొట్టించాం. వచ్చిన పొడి 340 గ్రాములు. ట్యూబుకు రెండున్నర గ్రాముల పైచిలుకు. ఒక ట్యూబులో ఉన్నది అంతే. కనుక ఈ పని ఎవరు చేసినా వందల్లో, వేలల్లో పోగుచేయగలిగితేనే అర్థం ఉంటుంది.

అక్టోబరు 11

వేరుచేసిన పొడితో మళ్లీ మొదలుపెట్టాం. 50 గ్రాములు.

ఎంత వేరుచేసినా కొంత హాలోఫాస్ఫేట్ కలిసి ఉండొచ్చు, అందుకే ముందు చల్లని ఆమ్లంతో కడగాలి. హాలోఫాస్ఫేట్ 30 డిగ్రీల లోపే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిపోతుంది. ఎర్ర ఫాస్ఫర్‌కు ఆ చల్లదనంలో పెద్దగా చలనం ఉండదు, 60 డిగ్రీలు దాటాకే బాగా కరుగుతుంది. ఈ తేడాయే మాకు తాళంచెవి. చదువుతున్నంతసేపూ సులువుగానే ఉంది. కానీ మా ల్యాబులో అక్టోబరులో కూడా గది ఉష్ణోగ్రత 32. క్యాంటీన్ నుంచి ఐసు తెచ్చి, బీకరును ఐసునీళ్లలో కూర్చోబెట్టి, 20 డిగ్రీల దగ్గర ఒక గంట తిప్పాం. 50 గ్రాములు 41 అయింది. ఆ కడిగిన నీళ్లలో ఆంటిమొని ఉంటుంది, సింకులో పోయలేదు. విడిగా సీసాలో పట్టి చీటీ అంటించాం.

తర్వాత 2 మోలార్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 400 మిల్లీలీటర్లు, 75 డిగ్రీలు, రెండు గంటలు. వడపోసి ఆరబెట్టాక మిగిలింది 27 గ్రాములు. అంటే 14 గ్రాములు ద్రావణంలోకి వెళ్లింది. ఇంతకు ముందులా గడ్డ లేదు, సూదులు లేవు. నీళ్లలా తేటగా ఉన్న ద్రావణం.

మిగిలిన 27 గ్రాములను యూవీ పెట్టెలో పెట్టినప్పుడు గుమ్మిడిపూండి అమ్మాయి చిన్నగా అరిచింది. పొడి నీలి పచ్చగా వెలుగుతోంది, నెమలి మెడ రంగు. తెలుపులోంచి ఎరుపు వెళ్లిపోయింది కాబట్టి మిగిలినవి ఆ రెండే. ఏ పరికరమూ చెప్పక ముందే కంటికి తెలిసిపోయింది, ఎరుపు మా ఫ్లాస్కులో ఉందని.

అక్టోబరు 18

ఈసారి పీహెచ్ 1 దగ్గరే ఆపాం. 40 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లాన్ని వేడినీళ్లలో కరిగించి, నెమ్మదిగా, తిప్పుతూ పోశాం. తొందరపడితే అవక్షేపం మరీ సన్నగా దిగి కాగితం దాటిపోతుంది. రాత్రంతా వదిలేస్తే రేణువులు పెరిగి అడుక్కి కూర్చున్నాయి. ఆరాక 32 గ్రాములు.

నవంబరు 1

దీపావళి సెలవులు, వానలు కలిసి పని వెనకబడింది. మొన్న కాలుస్తుండగా 600 డిగ్రీల దగ్గర కరెంటు పోయింది, ఫర్నేసు చల్లారిపోయింది. మళ్లీ మొదటినుంచి వేడిచేయాల్సి వచ్చింది. నష్టమేమీ జరగలేదు.

900 డిగ్రీలు, మూడు గంటలు. 32 గ్రాములు 11.6 అయింది. యిట్రియం ఆక్సలేట్ పది నీటి అణువులతో సహా దిగుతుంది. ఆ నీరూ, ఆక్సలేటూ కాలిపోయాక మిగలాల్సింది బరువులో 36 శాతం. మాకు వచ్చింది కచ్చితంగా అంతే. తక్కెడ చూపిన అంకె లెక్కతో సరిపోయినప్పుడు కలిగే ఆనందం నాకు పాతికేళ్లుగా పాతబడలేదు.

సాయంత్రం లైట్లన్నీ ఆర్పాం. మూడు గిన్నెలు పక్కపక్కన పెట్టాం. మొదటిది అసలు పొడి, తెల్లగా. రెండోది మిగిలినది, నీలి పచ్చగా. మూడోది మేం తీసినది. బటన్ నొక్కితే కుంకుమలా భగ్గుమంది. నాన్నను కూడా పిలిపించాను. కిటికీలోంచి చూసి, "ఇదేనా ఆ చీర ఎరుపు?" అన్నాడు.

అదే. యిట్రియం, యూరోపియం కలిసే దిగాయి, కలిసే కాలాయి. కాబట్టి వచ్చింది మామూలు ఆక్సైడు కాదు, మళ్లీ ఎర్ర ఫాస్ఫరే.

అబ్బాయి అట్టపెట్టెకు సన్న చీలిక కోసి, పాత సీడీ ముక్క పెట్టి వర్ణపటం చూసే పెట్టె చేశాడు. మా ల్యాబు పైకప్పుకు ఇప్పుడున్నవి ఎల్‌ఈడీలు. అందుకని నాన్న చోకు, స్టార్టరుతో సహా ట్యూబు బిగించే పాత పట్టీ ఒకటి మోసుకొచ్చి 865 ట్యూబు వెలిగించాడు. సీడీలో పచ్చ గీత, దానికి దూరంగా ఎర్ర గీత విడివిడిగా కనబడ్డాయి. మా పొడి వెలుగులో ఎర్ర గీత ఒక్కటే, సరిగ్గా అదే చోట. యూరోపియం ఇచ్చే 611 నానోమీటర్ల గీత అది. 54 ట్యూబు పెడితే రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వెడల్పు పట్టీలా కనబడింది.

నవంబరు 15

ఖర్చు లెక్క వేశాం. యిట్రియం ఒక్కదాని కోసం ఈ పని చేస్తే ఆమ్లం, కరెంటు ఖర్చులకే సరిపోదు. పెద్ద కంపెనీలకే ఇది నిలబడలేదు. ఫ్రాన్సులో సోల్వే సంస్థ 2012లో దీపాల పొడి నుంచి రేర్ ఎర్త్‌లు తీసే ప్లాంటు తెరిచింది. 2011లో ఆకాశానికంటిన ధరలు పడిపోయాయి, ఎల్‌ఈడీలు వచ్చి ఎర్ర ఫాస్ఫర్ కొనేవాళ్లు తగ్గారు, 2016లో మూసేశారు. ఆ లెక్కలో తప్పు లేదు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. ధర పడిన ఏడాది పారేసిన పొడి, ధర పెరిగిన ఏడాది వెనక్కి రాదు. పైగా పాదరసం కోసం ఈ ట్యూబులను ఎలాగూ విడిగా సేకరించి, నలగ్గొట్టి, శుభ్రం చేయాల్సిందే. ఆ ఖర్చు తప్పనప్పుడు, అంకె చూసి రెండు డబ్బాల్లో వేయడం ఎంత పని? మిగిలిన పొడిని పాతిపెట్టకుండా తడి లేని సీసాల్లో దాచినా చాలు.

మిగిలిన సమయం కూడా తక్కువే. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాతా ఒప్పందం కింద 2023లో తీసుకున్న నిర్ణయం ప్రకారం హాలోఫాస్ఫేట్ ట్యూబుల తయారీ 2026తో, మూడు పొడుల ట్యూబుల తయారీ 2027తో ఆగిపోవాలి. ఇప్పుడు మూలల్లో ఉన్నవే ఆఖరి పంట.

డిసెంబరు 20

టెర్బియం మొండిది. 27 గ్రాముల నీలి పచ్చ పొడి మామూలు ఆమ్లానికి లొంగదు. 5 గ్రాములు తీసుకుని సోడియం కార్బొనేటుతో నూరి 1000 డిగ్రీల దగ్గర కాల్చాం. మొదటిసారి పింగాణీ మూస (కాల్చడానికి వాడే గిన్నె) వాడితే లోపలి మెరుపు పొర తినేసి, మూస పగిలింది. రెండోసారి నికెల్ మూస. నీళ్లతో కడిగాక గోధుమ రంగు పొడి మిగిలింది. ఆ రంగు కోసమే ఎదురుచూశాం, టెర్బియం ఆక్సైడు గోధుమ రంగులో ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయగానే క్లోరిన్ వస్తుంది, సీరియం, టెర్బియం రెండూ నాలుగు ఆవేశాల స్థితి నుంచి మూడుకు దిగుతూ దాన్ని విడుదల చేస్తాయి. అందుకే హానికర వాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే ఈ పని చేసి, దాని తలుపు పూర్తిగా దించి ఉంచాం.

ఆక్సలేటుగా దింపి కాల్చితే 0.9 గ్రాము వచ్చింది. ఇది లాంథనం, సీరియం, టెర్బియం కలిసిన ముద్ద, శుద్ధ టెర్బియం కాదు. విడదీయాలంటే ద్రావణి నిష్కర్షణ, అంటే నీళ్లలో కలవని ద్రవంలోకి ఒక్కో మూలకాన్ని లాగే పద్ధతి, చేయాలి. దానికి కావాల్సిన ఫాస్ఫరిక్ ఎస్టరు కోసం కాలేజీకి అర్జీ పెట్టాను. జనవరి చివరికి వస్తుందన్నారు.

జనవరి 10, 2026

నాలుగు రోజుల్లో భోగి. ఇళ్లలోంచి పాత సామాను బయటికి వచ్చే సమయం. మా అపార్టుమెంటు లిఫ్టులో నాన్న తమిళంలో, తెలుగులో ఒక కాగితం అంటించాడు. పాత ట్యూబులు, సీఎఫ్‌ఎల్ బల్బులు మంటలోనో చెత్తలోనో వేయకండి, పగలగొట్టకండి, కింద వాచ్‌మన్ గది పక్కనున్న పెట్టెల్లో పెట్టండి అని. చేయి జారి పగిలితే కిటికీలు తెరిచి బయటికి వెళ్లాలని, చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తాలని కూడా రాశాడు. పక్క రెండు బ్లాకుల వాళ్లు అడిగి ఆ కాగితం తీసుకెళ్లారు.

పెట్టెలు మూడు. ఒకదాని మీద 8తో మొదలయ్యేవి అని, రెండోదాని మీద 54, 765 అని, మూడోదాని మీద చెరిగినవి అని రాసి ఉంది. అబ్బాయి తన సీడీ పెట్టెను కూడా అక్కడే ఉంచి వెళ్లాడు. ఎల్‌ఈడీ మోజులో తీసేసిన ట్యూబులు చాలావరకు ఇంకా వెలుగుతాయి. అంకె చెరిగినా పట్టీలో పెట్టి వెలిగిస్తే, సీడీలో గీతలు చూసి ఏ రకమో చెప్పొచ్చు.

ఈ రోజు వచ్చినవి 38. 8తో మొదలయ్యేవి 21, పాత పూతవి 15, చెరిగినవి 2. ఆ రెంటిలో ఒకటి వెలగలేదు. రెండోది నాన్న స్టార్టరు తిప్పగానే రెండుసార్లు మినుకుమని వెలిగింది. సీడీ పెట్టెలోంచి చూశాను, ఎర్ర గీత విడిగా ఉంది. దాన్ని మొదటి పెట్టెలోకి మార్చాం.